తీరిక వేళ: విడిపోయినా ఓడిపోని బొమ్మలు

ఇంటిల్లిపాదీ కలసి ఆడుకొనే ఆటను రూపొందించడం పైకి సులువుగా తోచినా, నిజానికి అది యంత్ర నిర్మాణమంత జాగ్రత్తను కోరే పని. ఆరేళ్ల మనుమరాలు, పదమూడేళ్ల మనుమడు, షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి, అరవై దాటిన అమ్మమ్మ – ఈ నలుగురి వేగమూ ఓపికా ఒకటి కావు. చాలా ఆటలలో ముందుగా ఓడి పక్కకు తప్పుకొనేది చిన్నవారే. తక్కినవారు ఆడుతూ ఉండగా చూస్తూ కూర్చున్న పిల్లకు మరునాడు ఆ ఆటపై మనసు పోదు. వైకుంఠపాళిలో అందరూ సమానులే గాని, అక్కడ తీర్పంతా పందెందే. ఆడేవారు ఆలోచించవలసినది ఏమీ లేదు. అందరికీ ఆలోచనకు చోటిచ్చి, ఎవరినీ వెలుపలికి పంపని ఆట సాధ్యమేనా అన్నది ఈ నెల మన ప్రశ్న.

సమాధానానికై రెండు వస్తువులను కలిపి చూద్దాం. మొదటిది పాత్రధారణ క్రీడ. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ కోవకు ఆద్యం. ఇందులో ఒకరు సూత్రధారియై సన్నివేశాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయునో నోటితో చెబుతారు. ఫలితం సందేహమైనచోట పాచికలు తీర్పు చెబుతాయి. బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధ క్రీడల నుండి పుట్టినది కనుక, దీనిలో పాత్ర మరణించడం మామూలు విషయం. పసిపిల్లలున్న ఇంటికి చిక్కు అక్కడే.

రెండవది ఇటుక బొమ్మ. డెన్మార్కులోని బిల్లుండ్‌లో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి 1932లో స్థాపించిన సంస్థే లెగో. డేనిష్ భాషలో ‘బాగా ఆడు’ అను అర్థమిచ్చే రెండు మాటల నుండి ఆ పేరు వచ్చింది. 1958లో పేటెంటుకు దరఖాస్తు చేసిన నమూనా ఇటుక నేటి ఇటుకతోనూ చక్కగా అతుకుతుంది. 1978లో తల, మొండెం, కాళ్లు గల చిన్న మనిషి బొమ్మ వచ్చింది. 1989 వరకు ఆ బొమ్మల ముఖం ఒకటే: రెండు చుక్కల కళ్లు, ఒక చిరునవ్వు. భయమో, ధైర్యమో, కోపమో పిల్లలే ఊహించుకోవాలి. ఈ బొమ్మకు గల ముఖ్య గుణం ఏమనగా, విడిపోవడం దానికి నాశనం కాదు. తిరిగి అతికితే మునుపటి వలెనే నిలుస్తుంది. మన ఆటకు ఆ గుణమే పునాది.

నిబంధనలు కొద్దిగానే ఉండవలెను. ప్రతివారూ ఒక బొమ్మను కూర్చి, దానికి ఒక పేరు, ఒక నేర్పు, ఒక భయం పెట్టుకోవాలి. కష్టమైన పని చేయబోయినపుడు రెండు పాచికలు వేయాలి. మొత్తం 7 గాని, అంతకు మించి గాని వస్తే పని నెరవేరినట్లు. అపాయకరమైన పనిలో విఫలమైతే బొమ్మలో ఒక భాగం ఊడుతుంది. అది ఏ భాగమో ఆడేవారే నిర్ణయించుకొంటారు. కాళ్లు ఊడితే మరొకరు మోయాలి. మొండెం కూడా పోతే పట్టుకొనుటకు చేతులుండవు. అయినా తల మిగులుతుంది. తల మాట్లాడగలదు, ఉపాయం చెప్పగలదు. కావున ఏ పిల్లా నోరు మూసుకొని కూర్చోవలసిన పని లేదు. పక్కవారు తమ వంతును వెచ్చించి ఆ భాగాలను తిరిగి అతకవచ్చును.

ఇక సహకారం సంగతి. ఆట మొదట ప్రతివారికి 3 రంగు ఇటుకలు ఇవ్వాలి. పాచికలు వేయుటకు ముందు ఒక ఇటుకను పెడితే మొత్తానికి 1 కలుస్తుంది. తన ప్రయత్నానికే కాక, ఇతరుల ప్రయత్నానికీ పెట్టవచ్చును. వాడిన ఇటుక పెట్టెలోకి పోతుంది. తోటివారి బొమ్మను అతికినవారికి ఒకటి తిరిగి వస్తుంది.

ఇచ్చట కొంచెం లెక్క చూద్దాం. రెండు పాచికలు 36 విధాలుగా పడగలవు. ఇటుక లేకుండా 21 విధాలలో విజయం లభిస్తుంది. ఒక ఇటుకతో 26, రెండింటితో 30, మూడింటితో 33. అనగా మొదటి ఇటుక తెచ్చే లాభం 5, రెండవది 4, మూడవది 3 మాత్రమే. మూడూ తన వద్దనే పెట్టుకొన్న అన్నకు 33, ఏమీ లేని చెల్లికి 21, మొత్తం 54. అన్న ఒకటి చెల్లికి ఇస్తే 30, 26, మొత్తం 56. పంచుకోవడం మంచిదని ఎవరూ ఉపన్యసించనక్కరలేదు. పాచికలే ఆ సంగతి నేర్పుతాయి. కూడిక నేర్చుకొంటున్న పాపకు అభ్యాసమూ అవుతుంది.

పెద్దలు పాటించవలసిన నియమాలు మూడు. మరొకరి బొమ్మను తాకరాదు. అడగనిదే సలహా ఇవ్వరాదు. సూత్రధారి ‘కాదు’ అనక ‘ఎలా?’ అని అడగాలి. దుప్పటితో ఎగురుతానన్న బొమ్మకు కూడా పాచికలు వేసే హక్కు ఉన్నది. సూత్రధారి పదవి అందరికీ వంతులవారీగా రావాలి, చిన్నవారికీ తప్పక రావాలి. ఆట గంటకు మించకుండుట మేలు. మూడేళ్ల లోపు పసివారికి ఈ చిన్న ముక్కలు అందకుండా చూడవలెను.

ఈ ఆదివారం ప్రారంభానికి ఒక సన్నివేశం: తుపాను రానున్నది, దీపస్తంభంలో దీపం ఆరిపోయినది, పడవలింకా తీరం చేరలేదు. చాప సముద్రం, ఎత్తుపీట దీపస్తంభం. ఏ ఇటుకలైనా సరిపోతాయి. దీపం ఎలా వెలిగించాలో మొదట మీ ఇంటి చిన్నవారిని అడగండి.