డ్రోన్లు వచ్చింది నీళ్లు వచ్చాకే

వరద వచ్చిపోయిన ప్రతిసారీ ఒకే వాదన వినిపిస్తుంది. మన దగ్గర సాంకేతికత చాలలేదట, శాఖల మధ్య సమాచారం సరిగా సాగలేదట. ఇంకొన్ని సెన్సర్లు, ఇంకొక కంట్రోల్ రూమ్, అన్ని శాఖల లెక్కలూ ఒకే తెరమీద కనబడే ఏర్పాటు ఉంటే నష్టం తప్పేదట. మంత్రులు, అధికారులు, పత్రికలు అందరూ ఒప్పుకున్న ఈ మాట తప్పని నా వాదన. పరికరాలు అక్కర్లేదని నేననడం లేదు. సమాచారం ఆగిపోతున్న చోటు మాత్రం వేరే ఉంది.

2024 ఆగస్టు 31నాటి కుండపోతకు విజయవాడ దగ్గరి బుడమేరు వాగు ఎంతగా పొంగిందో వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరున్న సిబ్బంది కళ్లారా చూశారు. మళ్లింపు కాలువ ఆ నీటిని మోయలేక గట్లకు గండ్లు పడ్డాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి రికార్డు సృష్టించింది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు అందులో కలవదని, లాకులు ఎత్తితే బుడమేరు విజయవాడ మీదికే వస్తుందని ఏ ఇంజనీరుకూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2005లోనూ అది ఆ నగరాన్ని ముంచింది. అయినా సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో ఎందరికో వరద సంగతి తెలిసింది నీళ్లు ఇంట్లోకి వచ్చాకే.

ఆ తరవాత డ్రోన్లు ఎగిరాయి. మేడలమీద చిక్కుకున్నవాళ్లకు అన్నం, మందులు అందించాయి. ఆ మేలు కాదనలేం. కానీ ఆకాశం నుంచి అన్నం పొట్లం దించాల్సి వచ్చిందంటే, ముందురోజు రాత్రి గడప దగ్గర చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదనే అర్థం. ఆ వైఫల్యాన్ని డ్రోన్ల వీడియోలతో కప్పిపుచ్చడం అన్యాయం.

2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు నది పులపత్తూరు లాంటి ఊళ్లమీద పడింది. డ్యామ్ ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని తరవాత కేంద్ర మంత్రి రాజ్యసభలో చెప్పారు. మొరాయించిన గేటును ఏ ఉపగ్రహమూ బాగుచేయదు. పులపత్తూరు వాళ్లకు కావలసింది గ్రీజు పెట్టిన గేటు, అర్ధరాత్రి తలుపు తట్టే మనిషి.

తుపాన్లలో సాంకేతికతే ప్రాణాలు కాపాడింది కదా అని అడుగుతారు. 1999 పెను తుపానుకు ఒడిశాలో దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు మృతులు పదుల్లోనే ఉన్నారు. ముందస్తు అంచనా లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు, నిజమే. కానీ ఆ అంచనా ప్రాణాలు కాపాడిందంటే, మధ్య కాలంలో ఒడిశా తీరమంతా తుపాను రక్షణ భవనాలు కట్టి, ఊరూరా జనానికి తర్ఫీదు ఇచ్చింది కాబట్టే. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఫోన్‌నే నమ్ముకున్న హెచ్చరిక అవసరమైన రోజునే చేతికందకుండా పోతుంది.

సమాచారం ఎలా ఉండాలో భద్రాచలాన్ని చూసి నేర్చుకోవాలి. అక్కడ గోదావరి 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. ఏ అంకెకు ఏ రోడ్డు మునుగుతుందో, ఎప్పుడు సామాన్లు సర్దుకోవాలో ఊరివాళ్లకు తెలుసు. 2022 జులైలో నది 71.3 అడుగులకు చేరేలోగా వేలమందిని పునరావాస కేంద్రాలకు తరలించగలిగారు. ఆ అంకె జనం సొంతం. 2024లో బుడమేరు ఒడ్డున ఎందరికో అలాంటి అంకె ఏదీ అందలేదు. ‘జిల్లాలో భారీ వర్షాలు, అప్రమత్తంగా ఉండండి’ అని ఫోన్‌కు వచ్చే సందేశం దానికి సాటిరాదు. మా వీధికి ఎన్ని అడుగుల నీరు వస్తుంది, ఎప్పుడు వస్తుంది, మేము ఎటు పోవాలి అన్నవాటికి అందులో జవాబుండదు.

అందుకే కొత్త తెరలు కొనేముందు ఈ పనులు చేయాలి. వెలగలేరులో ఎంత నీరుంటే ఏ వీధి ఎంత మునుగుతుందో ఆ వీధి కరెంటు స్తంభంమీదే గీత గీసి రాయాలి. 2021 నాటి డ్యామ్‌ల భద్రతా చట్టం అడిగిన అత్యవసర కార్యాచరణ ప్రణాళికలను దిగువ ఊళ్ల సచివాలయాల గోడలమీద తెలుగులో అంటించాలి. గేటు ఎత్తేముందు పై అధికారికి కబురు వెళ్లే నిమిషంలోనే దిగువ వార్డుకూ వెళ్లాలి. మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగే మనిషి ఎవరో ముందే పేరు పెట్టి నిర్ణయించాలి.

వరద తగ్గాక బహిరంగ విచారణ జరగాలి. గండి సంగతి ఆఫీసుకు ఎప్పుడు తెలిసింది? ఆఖరి వీధికి ఎప్పుడు తెలిసింది? ఈ రెండు సమయాల మధ్య తేడాను ప్రభుత్వం ప్రతి వరద తరవాతా అచ్చువేసి ప్రజలముందు పెట్టాలి. ఆ తేడా తగ్గించని ఖర్చు ఎన్ని కోట్లయినా, దాన్ని విపత్తు నిర్వహణ కింద రాసే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.