కాపలా రోజూ ఒకే తీరుగా ఉంటే జింకలు ఆగవు

వానాకాలం విత్తనం పడిన రెండు వారాలకు నారాయణపేట జిల్లా మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల్లో ఏటా ఒకటే మాట వినిపిస్తుంది: "సార్, రాత్రి చేలో జింకలు పడ్డయి." పత్తి, కంది, పెసర మొలకలకు చిగుళ్లు ఉండవు. కొందరు రెండోసారి, మూడోసారి విత్తుకుంటారు. విత్తనం ఖర్చు ఒక ఎత్తు, అదును దాటిపోవడం ఇంకో ఎత్తు.

ఇవి కృష్ణజింకలు. ఏటా కొమ్ములు రాల్చే దుప్పుల జాతి కాదు. దట్టమైన అడవిలో ఉండవు, చెట్లు తక్కువగా ఉన్న పచ్చిక బయళ్లే వీటి ఇల్లు. కాబట్టి "అడవిలోకి తోలేయండి" అంటే కుదిరే పని కాదు. వాటి బయళ్లే మన చేలయ్యాయి. బీళ్లు, మేత పొలాలు దున్నేశాం. ఎత్తిపోతల నీళ్లు వచ్చాక, చుట్టూ గడ్డి ఎండిపోయే రోజుల్లో కూడా మన పొలాలే పచ్చగా కనిపిస్తున్నాయి. వీటిని వేటాడే తోడేళ్లు తగ్గాయి. ఊరకుక్కలు మాత్రం పెరిగాయి. అవి జింక పిల్లలను చంపుతాయి, పెద్దవాటిని ఒక చేలోంచి ఇంకో చేలోకి తరుముతాయి. తొక్కుడు నష్టంలో కొంత ఈ కుక్కల వల్లే.

నిజానికి కృష్ణజింక పగటిపూట మేసే జంతువు. పగలంతా చేలో మనుషులు, ట్రాక్టర్లు ఉంటే మేత వేళ మార్చుకుంటుంది. మనం ఇంటికి పోయాక, తెల్లవారకముందు వస్తుంది. మీరూ గమనించే ఉంటారు, రోడ్డు మీద బండి పోతుంటే తల కూడా ఎత్తదు. అదే బండి ఆగి, మనిషి దిగితే గుంపంతా పరుగు. ఏది ప్రమాదమో, ఏది కాదో దానికి బాగా తెలుసు.

మన కాపలా దెబ్బతినేది ఇక్కడే. ఒక రైతు చేను మధ్యలో మైకు పెట్టి రికార్డు చేసిన కేకలు వినిపించాడు. మొదటి మూడు రోజులు బాగా పనిచేసింది. వారం తర్వాత నేను వెళ్లేసరికి మైకుకు పది అడుగుల దూరంలో చిగుళ్లు కొరికేసి ఉన్నాయి. పాత చీరలు, మెరిసే రిబ్బన్లు, దిష్టిబొమ్మలదీ అదే కథ. అవి పనికిరావని కాదు. ఒకేచోట, ఒకేలా వదిలేస్తే పనికిరావు. రెండు మూడు రోజులకోసారి చోటు మార్చండి. శబ్దం ఒక రాత్రి పెట్టి ఒక రాత్రి ఆపండి, వేళ మార్చండి. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యమధ్యలో మనిషి నిజంగా రావాలి. మొలక లేచిన మొదటి నెల గట్టిగా కాస్తే సగం గండం గడిచినట్టే. పక్క పొలాల వాళ్లు నలుగురైదుగురు కలిసి ఒకే వారంలో విత్తుకుని, వంతులవారీగా కాపలా కాయండి. ఒక్కరే ముందు విత్తితే గుంపంతా ఆ ఒక్క చేలోనే పడుతుంది.

కంచె వేసేవాళ్లు కింది భాగం చూసుకోండి. ఇవి దూకగలవు, కానీ చాలాసార్లు కింద సందు వెతుక్కుని దూరతాయి. చేపల వలలు కట్టకండి, కొమ్ములు చిక్కుకుని చస్తాయి. సోలార్ కంచెలో కరెంటు క్షణక్షణం ఆగి ఆగి వస్తుంది కాబట్టి ప్రాణం తీయదు. మోటారు లైను నుంచి నేరుగా తీగ లాగడం మాత్రం హత్యతో సమానం. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చే మీ తమ్ముడో, పక్క రైతో దానికి బలవుతాడు. పైగా కృష్ణజింక వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

పట్టుకుని వేరేచోటికి తరలించాలన్న డిమాండు చాలాకాలంగా ఉంది. మధ్యప్రదేశ్‌లో షాజాపూర్ వైపు 2025 అక్టోబరులో హెలికాప్టరుతో మళ్లించి, గరాటు ఆకారపు 'బోమా' దొడ్లలోకి తోలి వందల కృష్ణజింకలను తరలించారు. కానీ ఇది ఖరీదైన పని. బెదిరితే ఆ ఒత్తిడికే చచ్చిపోయే జంతువు ఇది. వదలడానికి పచ్చిక బయలు కూడా కావాలి. చోటు చిన్నదైతే ఏమవుతుందో రోళ్లపాడులో చూశాం. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటుచేసిన ఆ అభయారణ్యం 6.14 చదరపు కిలోమీటర్లే. లోపల రక్షణ దొరికి జింకలు పెరిగాయి, మేత కోసం చుట్టుపక్కల చేలలో పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. తరలింపు వస్తే మంచిదే, అయితే ఈ పంటకు దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఇక బీమా. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేర్చడానికి కేంద్రం ఒప్పుకుంది. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రాలే నోటిఫై చేయాలి. మీ మండలం, మీ పంట, కృష్ణజింక ఆ జాబితాలో ఉన్నాయో లేదో ప్రీమియం కట్టేముందే మీ ఏఈఓను లేదా రైతు సేవా కేంద్రాన్ని అడగండి. ఉంటే, నష్టం జరిగిన 72 గంటల్లోపు క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో లొకేషన్‌తో కూడిన ఫొటోలు పెట్టాలి. బీమా ఉన్నా లేకున్నా అటవీ శాఖ పరిహారానికి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. మళ్లీ విత్తే తొందరలో చేను దున్నేయకండి. ముందు ఫొటోలు తీయండి, కొరికిన మొక్కలు, గిట్టల గుర్తులు కనిపించేలా.