లాయరుగారూ, ఖర్చెంతవుతుంది?

చీర కొనేటప్పుడు పది రూపాయల కోసం పావుగంట బేరమాడతాం. అదే లాయరు దగ్గరికి వెళితే "మొత్తం ఎంతవుతుందండీ?" అని అడగడానికి నోరు రాదు. పుట్టింటి ఆస్తిలో వాటా అయినా, భర్త నుంచి భరణమైనా, మన ఆడవాళ్లు చాలామంది వెనకడుగు వేసేది ఈ అంతు తెలియని ఖర్చుకు భయపడే అని నాకనిపిస్తుంది.

ఖర్చంటే ఫీజొక్కటే కాదు. వాయిదా పడ్డ ప్రతిసారీ బస్సు ఛార్జీలు, సెలవు, పిల్లల్ని ఎవరికో అప్పగించి రావడం... అన్నీ లెక్కే. వాయిదాకింత అని ఇచ్చుకుంటూ పోతే కేసు సాగినకొద్దీ చేతిచమురు వదులుతుంది. అందుకే ఫీజు తగ్గించే లాయరు కంటే, ఏది నోటీసుతో తేలుతుంది, ఏది రాజీకి అనువు, దేనికి కోర్టు తప్పదు అని మొదటిరోజే చెప్పే లాయరే మనకు చౌక. ఏ దశకెంతో కాగితం మీద రాసిస్తే మరీ మంచిది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం న్యాయవాదులు ప్రకటనలిచ్చుకోకూడదు. గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందమూ కుదరదు. కాబట్టి నలుగురినీ విచారించుకోవాల్సింది మనమే.

అసలు ఫీజే లేని దారి కూడా ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయంతో నిమిత్తం లేదు. కేసులో పస ఉందనుకుంటే లాయరును సంస్థే పెడుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు. భరణం కేసులో దావా ఖర్చులు కూడా భర్త చేత ఇప్పించమని కోర్టును కోరవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌లో ఈ వీలుంది.

లోక్ అదాలత్‌లో రాజీపడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ ఒక్క జాగ్రత్త! ఆ అవార్డే ఆఖరు, దాని మీద అప్పీలు లేదు. "సర్దుకుపోమ్మా" అని పెద్దలు తొందరపెట్టినా, ఎంత వస్తుంది, ఎప్పటిలోగా వస్తుంది అన్నది చదువుకోకుండా సంతకం పెట్టకండి. చౌక న్యాయం కావాలి గానీ, చౌకబారు రాజీ మనకెందుకు?