గడ్డి కోసే కాంట్రాక్టరుని ఎవరు ఎంచుకోవాలి?

గేటెడ్ కమ్యూనిటీల్లో ఫ్లాట్లు కొన్న మన ఐటీ జనాలు ఒక విషయంలో మహా చురుకు. తోటమాలి రెండ్రోజులు రాకపోతే వాట్సాప్ గ్రూపులో యుద్ధమే. లాన్ ఎండిపోతే జనరల్ బాడీ మీటింగు పెట్టి, ఫెసిలిటీ కంపెనీని పీకేసి, మూడు కొటేషన్లు తెప్పించి కొత్తవాళ్ళని పెట్టుకుంటారు. తప్పేం లేదు. అక్కడ ఉండేది వాళ్ళే కాబట్టి ఎంచుకునేదీ వాళ్ళే. కానీ ఇదే హక్కు డబుల్ బెడ్రూం ఇళ్ళలో ఉండేవాళ్ళకి కావాలంటే మాత్రం, "వాళ్ళకేం తెలుసండీ" అని పెదవి విరుస్తారు. మా వెంగళరావు నగర్ టీ కొట్టు నుంచి మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్ దాకా నేను విన్నది ఇదే మాట. నా గొడవ ఆ మాటతోనే.

కొల్లూరు సంగతే చూడండి. అవుటర్ రింగు రోడ్డు పక్కన, మన గచ్చిబౌలి ఆఫీసులకి అంత దూరమేం కాదు. 2023 జూన్‌లో ప్రారంభించారు. 117 బ్లాకులు, 15,660 ఇళ్ళు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. పథకం పేరులోనే "డిగ్నిటీ హౌసింగ్" అని ఉంది, అంటే గౌరవం. ఇల్లు కట్టి తాళాలు ఇవ్వడంతో ఆ గౌరవం పూర్తయిపోదు. బ్లాకుల మధ్య ఖాళీ జాగాలో మోకాలెత్తు గడ్డి పెరిగితే అందులోకి పాములొస్తాయి, నీళ్ళు నిలిస్తే దోమలొస్తాయి, పిల్లలు ఆడుకోవడానికి మిగిలేది మెట్లే. ఇంత పెద్ద కాలనీలో ఆవరణ నిర్వహణ అంటే అలంకారం కాదు, ఆరోగ్యం.

మరి ఆ పని ఎవరికి అప్పజెప్పాలి? మన సర్కారీ అలవాటు ఒక్కటే: ఎల్1. అంటే అందరికంటే తక్కువకి కోట్ చేసినవాడికే పని. సిమెంటు బస్తాలు కొనడానికి ఇది బానే ఉంటుంది. తోటపని బస్తా కాదు కదా! అందులో ఖర్చంతా మనుషులదే. ఎస్టిమేటు మీద పాతిక శాతం తగ్గించి టెండరు కొట్టినవాడు ఆ పాతిక ఎక్కణ్ణుంచి తెస్తాడు? కూలీ తగ్గిస్తాడు, లేదా మస్టర్లో పది పేర్లు రాసి ఆరుగురిని పంపిస్తాడు. నష్టపోయేది ఆ కూలీలు, ఆ ఇళ్ళ జనం. బిల్లు మాత్రం నెలనెలా పాసవుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని మీద సంతకం పెట్టే ఆయన అక్కడ ఉండడు.

"ఎల్1 తీసేస్తే అవినీతి పెరుగుతుంది" అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చాం. టెండరు పెట్టెల దగ్గర రౌడీయిజం తగ్గడానికి అది పనికొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ టెండరు ఎంత శుభ్రంగా తెరిచినా, పని శుభ్రంగా జరిగిందో లేదో వెబ్‌సైటు చెప్పలేదు. కేంద్ర ఆర్థిక శాఖే 2021లో, నాణ్యత ముఖ్యమైన సేవల్లో ధర కాని అంశాలకి 30 శాతం దాకా మార్కులు ఇవ్వొచ్చని చెప్పింది. అంటే దారి ఉంది. ఆ మార్కులు ఎవరు వేస్తారన్నదే ప్రశ్న.

బ్రిటన్ ఈ దారిలో మనకంటే ముందే దెబ్బ తింది. 1988 చట్టంతో అక్కడి కౌన్సిళ్ళు చెత్త ఎత్తడం, ఆవరణల నిర్వహణ లాంటి పనులకి పోటీ టెండర్లు తప్పనిసరిగా పిలవాల్సొచ్చింది. ధర మీదే చూపు పెడితే నాణ్యత ఏమవుతుందన్న విమర్శలొచ్చాయి. 2000 నుంచి దాన్ని పక్కనపెట్టి, ఖర్చుతో పాటు నాణ్యతా చూసే "బెస్ట్ వాల్యూ" పద్ధతి తెచ్చారు. అక్కడ ఏడాది దాటిన కాంట్రాక్టు వల్ల ఏ ఇంటి మీదైనా ఏటా 100 పౌండ్లకి మించి సర్వీస్ చార్జీ పడేట్టుంటే, ఆ మారే చార్జీ కట్టే నివాసులని ముందే సంప్రదించాలి. తెల్లవాళ్ళు చేశారు కాబట్టి మనమూ చెయ్యాలని కాదు. మనం ఇప్పుడు చేసేది వాళ్ళు చేసి చూసి వదిలేసిందని చెప్తున్నా.

"కమిటీ వేస్తే పార్టీలు, కులాలు, కమిషన్లు దూరతాయి" అనేది ఇంకో అభ్యంతరం. ఇది నిజమైన భయమే, కొట్టిపారెయ్యను. దీనికి మందు కూడా ఆ పథకంలోనే ఉంది. 2023లో జీహెచ్ఎంసీ పరిధిలో లబ్ధిదారులని కంప్యూటర్ డ్రా తీసి ఎంపిక చేశారు. ఇల్లు ఇవ్వడానికి పనికొచ్చిన డ్రా కమిటీ వెయ్యడానికి ఎందుకు పనికిరాదు? బ్లాకుకి ఒకరు, సగం మంది ఆడవాళ్ళు, ఏడాదికోసారి కొత్త డ్రా. ఎవరికీ పాతుకుపోయే టైముండదు.

ఆ కమిటీకి ఇవ్వాల్సినవి మూడే. కాంట్రాక్టరు ఎంపికలో నాణ్యత మార్కులు వాళ్ళు వెయ్యాలి. వారానికి ఎన్ని రోజులు ఎంతమంది వస్తారో, గడ్డి ఎన్నాళ్ళకోసారి కొయ్యాలో తెలుగులో రాసి ప్రతి బ్లాకు గోడ మీద అంటించాలి. వాళ్ళ సంతకం లేకుండా నెల బిల్లు పాసవ్వకూడదు.

మనం క్లయింటు సైన్ ఆఫ్ లేకుండా చిన్న రిలీజు కూడా చెయ్యం. యూజర్ టెస్టింగు చెయ్యాలంటే యూజరుకి జావా వచ్చి ఉండాలని ఎవరైనా అంటారా? బాల్కనీలోంచి రోజూ చూసే ఆవిడకి గడ్డి కోశారో లేదో చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. "వాళ్ళకేం తెలుసు" అనేవాళ్ళకి నా జవాబు అదే: ఆ పని గురించి తెలిసింది వాళ్ళొక్కళ్ళకే. సంతకం కూడా వాళ్ళదే ఉండాలి.