కార్యకర్త వెళ్లిపోయాక ఊళ్లో ఏం మిగలాలి?

పత్తి, మిరప చేలల్లో పిచికారీలు ముమ్మరమయ్యే కాలంలోనే పర్యావరణ ఆరోగ్యం పేరుతో పనిచేసే స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కూడా మన ఊళ్లకు వస్తుంటారు. కరపత్రాలు ఇస్తారు. మాస్కులు, చేతి తొడుగులు పంచుతారు. మీటింగు పెట్టి ఫొటో తీసుకుంటారు. వీరిలో కొందరు ఆ సీజను దాటాక మళ్లీ కనిపించరు. కొందరు మాత్రం ఊరి ఆలోచననే మార్చి వెళ్తారు. ఇద్దరూ కష్టపడేవాళ్లే. తేడా అంతా వాళ్లను నడిపించే కోఆర్డినేటర్ల దగ్గర, వాళ్ల పద్ధతి దగ్గర వస్తోందని మా అభిప్రాయం. ఇది సంస్థల సొంత వ్యవహారం, మనకెందుకని ఊరుకోవడానికి లేదు. మందు వాసన పీల్చేది మనమూ, మన కూలీలూ కాబట్టి మాట్లాడే హక్కూ మనదే.

పునుకుల చెప్పిన పాఠం

అప్పటి ఖమ్మం జిల్లాలో, పాల్వంచ దగ్గర ఉన్న పునుకుల గ్రామం పేరు చాలామందికి తెలుసు. పత్తి పండించే ఊరు. పురుగుమందు అప్పుగా ఇచ్చేదీ, వడ్డీ కట్టించుకునేదీ వ్యాపారులే. మందు మానేద్దామని ఒక రైతు అనుకున్నా, అప్పు అతన్ని మళ్లీ అదే దుకాణానికి లాక్కెళ్లేది. 1990ల చివర్లో ‘సెక్యూర్’ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ పురుగుమందులు లేని సస్యరక్షణ మొదలుపెట్టింది. ఊరందరినీ ఒకేసారి మార్చాలని చూడలేదు. ముందుకొచ్చిన కొద్దిమంది రైతులతో ప్రారంభించింది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలుగా ఆముదం, బంతి. వాళ్ల చేలు చూసి పక్క రైతులు కదిలారు.

అన్నిటికంటే ముఖ్యంగా పొదుపు సంఘాల మహిళలు ఈ పనిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. మందు ఖర్చు ఇంట్లో దేనికి కోత పెడుతోందో, పిచికారీ చేసి వచ్చిన మనిషి రాత్రంతా ఎలా అవస్థ పడతాడో వాళ్లకు తెలుసు. వేపగింజలు పొడి చేసే పని వాళ్లకు ఉపాధి కూడా అయింది. 2003–04 నాటికి ఊరు పురుగుమందులు వదిలేసింది. ఆ తర్వాత ఈ పద్ధతి మహిళా సమాఖ్యల ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో వేల గ్రామాలకు పాకింది. చేసి చూసిన రైతులే పక్క ఊళ్ల రైతులకు నేర్పారు. 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా అనుభవమున్న రైతులనే శిక్షకులుగా పెట్టుకుంది.

కార్యకర్తలను నడిపించే వాళ్లు ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. కార్యకర్త చెప్పిన మాట కంటే పక్క చేను రైతు చూపిన పంట ఎక్కువ పనిచేసింది. అలాంటి రైతును వెతికి పట్టుకోవడం, అతని చుట్టూ నలుగురిని చేర్చడం, పెత్తనం వాళ్ల చేతికి ఇచ్చి తాను పక్కకు తప్పుకోవడం కార్యకర్తకు నేర్పాల్సిన పని. దానికి రెండు మూడు సీజన్లు పడుతుంది. ఏడాది ప్రాజెక్టు ముగియగానే కార్యకర్తను ఇంకో మండలానికి మార్చే సంస్థ ఈ పని చేయలేదు.

నింద ఎవరి మీద?

మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు వినిపించిన మాటల్లో ఒకటి: ‘మాస్కు వేసుకోలేదు, జాగ్రత్తలు పాటించలేదు.’ అంటే తప్పు చచ్చిపోయిన వాడిదేనట! మందు ఎంచుకున్నది కూలీ కాదు. ధర పెట్టిందీ అతను కాదు. ఎండలో ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకుని రోజంతా మందు కొట్టడం ఎంత కష్టమో ఆ మాట అన్నవాళ్లు ఒక్క పూట చేసి చూడాలి.

అయితే యవత్మాల్ అక్కడితో ఆగలేదు. విషం బారిన పడిన వాళ్లు, వాళ్ల కుటుంబాలు సొంత సంఘం పెట్టుకున్నాయి. పురుగుమందుల మీద పనిచేసే సంస్థలు వెంట నిలిచాయి. 2020లో 51 మంది రైతుల తరఫున ఫిర్యాదు స్విట్జర్లాండ్ దాకా వెళ్లింది. అంత దూరం పోవాలంటే ఎవరు, ఏ రోజు, ఏ మందు కొట్టారు, ఏ ఆసుపత్రిలో చేరారు అన్న కాగితాలు కావాలి. గడప గడపకు తిరిగి, నమ్మకం సంపాదించి ఆ వివరాలు రాబట్టగలిగే కార్యకర్తను ఏ సంస్థా ఒక్కరోజు శిక్షణతో తయారు చేయలేదు.

రాసి పెట్టుకోవడం కూడా పోరాటమే. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో మన దేశంలోని మూడు గ్రామాల నుంచి 50 మంది పత్తి రైతు మహిళలు ఒక సీజను పొడవునా తమకూ, తమ ఇంటి మగవాళ్లకూ మందు వల్ల కలిగిన బాధలను నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు. వాటిలో 83.6 శాతం సందర్భాల్లో స్వల్పం నుంచి తీవ్రం దాకా విషప్రభావం లక్షణాలు కనిపించాయి. ఒళ్లు బాగా దెబ్బతిన్న సందర్భాల్లో కూడా ఎవరూ వైద్యం కోసం వెళ్లలేదు. మందు కలిపేదీ, పంపులు నింపేదీ ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి వాళ్ల మీదా మగవాళ్ల మీద పడినంతే పడింది. మోతుబరుల కంటే సన్నకారు రైతులే ఎక్కువగా తీవ్ర విషప్రభావానికి గురయ్యారు. ఇవన్నీ ఆ మహిళలు గుర్తుపెట్టి చెప్పబట్టే లోకానికి తెలిశాయి.

సంస్థలూ, సంఘమూ

స్వచ్ఛంద సంస్థలంటే మన సభ్యుల్లో కొందరికి అనుమానం. నిధులిచ్చే వాళ్ల మాట వింటారని, గిట్టుబాటు ధర, అప్పు, కౌలు సమస్యలను పక్కకు నెట్టి ‘ఆరోగ్యం’ ఒక్కటే మాట్లాడతారని అంటారు. ఈ అనుమానంలో న్యాయం ఉంది. దుకాణం బాకీ తీరని కౌలు రైతుకు విషం గురించి ఎంత చెప్పినా అతని చేతిలో నిర్ణయం ఉండదు. అందుకే సంస్థలను దూరం పెట్టకుండా దగ్గరకు పిలిచి అడగాలంటున్నాం. డాక్టరు, పరీక్షలు, లెక్కలు, వకీలు వాళ్ల దగ్గర దొరుకుతాయి. రైతుల బలం, వ్యాపారితో, అధికారితో నిలబడి మాట్లాడే తెగువ మన దగ్గర ఉన్నాయి. ఏ ఒక్కటీ రెండోదానికి తోక కాకుండా కలిసి నడవాలి.

సంస్థలను నడిపేవారికి మా మాటలు ఇవి:

1. కార్యకర్తల్లో వ్యవసాయ కూలీ మహిళలు, కౌలు రైతులు ఉండాలి. ఊరి మనిషికి ఊరి మీద బాధ్యత ఉంటుంది.

2. ఎన్ని మీటింగులు, ఎన్ని ఫొటోలు అని పని కొలవడం మానండి. కార్యకర్త లేకపోయినా పని సాగించగల వాళ్లు ఊళ్లో ఎంతమంది తయారయ్యారో లెక్క చూడండి.

3. వ్యాపారో, ఊరి పెద్దో బెదిరిస్తే కార్యకర్తను ఒంటరిగా వదలకండి. జీతం సకాలంలో ఇవ్వండి. ఏడాదికోసారి వచ్చి మీ లెక్క గ్రామసభ ముందు చెప్పండి.

మన సంఘం చేయాల్సినవి:

1. ప్రతి గ్రామ శాఖ ఈ సీజను నుంచే ఒక పుస్తకం పెట్టాలి. ఎవరికి, ఏ రోజు, ఏ మందుతో వాంతులు, తల తిరగడం, చూపు మసకబారడం, వణుకు వచ్చాయో రాయాలి. మందు డబ్బా, దుకాణం బిల్లు దాచాలి.

2. బాధితుణ్ని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మందు డబ్బా కూడా తీసుకెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన చికిత్స చేయగలడు.

3. 1968 పురుగుమందుల చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం విషప్రభావం కేసులను తప్పక తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. దాన్ని గట్టిగా అమలు చేయాలని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విరుగుడు మందులు ఉంచాలని మండల స్థాయిలో వినతిపత్రాలు ఇవ్వాలి.

4. మందు కొట్టే కూలీ పేరు కూడా ఆ పుస్తకంలో ఎక్కాలి. భూమి ఎవరిదైనా, చేను మధ్య పంపు వీపున మోసేది అతనే.

సంస్థలు వస్తాయి, పోతాయి. ఆ పుస్తకమూ, దాన్ని రాసే చేతులూ ఊళ్లోనే ఉండాలి.