బజారును అడిగిన తరువాతే

మక్కా నుండి వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు, మదీనాలో అన్సారీ సహచరులైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)తో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సోదర బంధం కలిపారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం తీసుకోమన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన సంపదలో శుభం కలగాలని దుఆ చేసి, బజారు ఎటువైపు ఉందో చెబితే చాలునన్నారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్ళి ఎండు పెరుగు, నెయ్యి బేరంతో ఆరంభించారు. సహీహ్ బుఖారీలోని ఈ ఉదంతాన్ని మనం స్వయంకృషికి నిదర్శనంగా చెప్పుకుంటాము. ఇందులో గమనించవలసిన వరుస ఒకటి ఉంది. ఆయన ముందు సరుకు పోగుచేసుకుని, ఆ తరువాత బజారును వెదకలేదు.

చందానగర్ యువకులకు ఈ వరుస నేడు అక్కరకు వస్తుంది. ఇక్కడ ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే హఫీజ్‌పేట దాటగానే హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ కొలువులు ఎన్నో ఇళ్ళకు ఆధారమయ్యాయి. ఆ ఉద్యోగాలలో పనిచేసిన అనుభవంతో, నెలవారీ చందాపై సాఫ్ట్‌వేర్ అమ్మే సొంత వ్యాపారం పెట్టాలన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. అయితే రాత్రులు మేల్కొని అంతా తయారుచేసి, తీరా కొనేవారెవరని అప్పుడు వెదకితే ప్రమాదమే. కరిగిపోయేది ఇంటిల్లిపాదీ దాచుకున్న సొమ్ము, భార్య నగలు.

నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామకు 2005 దీపావళికి బెంగళూరు నుండి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. బస్సుల యజమానులకు మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ ఇబ్బంది తీరుతుందని తలచి, మిత్రులతో కలిసి దానిని తయారుచేశారు. యజమానులు ఆసక్తి చూపలేదు. వారికి కావలసింది సీట్లు నిండటం. కంప్యూటర్ గొడవ కాదు. దానితో మిత్రులే టికెట్లు అమ్మసాగారు. 2006లో మొదలైన ఆ రెడ్‌బస్‌ను 2013లో ఐబిబో సంస్థ కొనుగోలు చేసింది. యజమానులకు సాఫ్ట్‌వేర్ అందించడం కూడా సాధ్యమైంది గాని, టికెట్లు అమ్మి చూపిన తరువాతనే.

ఇక మన వీధికి వద్దాం. దర్జీ దుకాణాల ఆర్డర్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను నెలకు 300 రూపాయలకు ఇవ్వాలని ఒక యువకుడు తలచాడనుకుందాం. దుకాణానికి వెళ్ళి, “ఇది తయారుచేస్తే తీసుకుంటారా భాయ్?” అని అడుగుతాడు. “ఇన్‌షా అల్లాహ్, తప్పకుండా బేటా” అని జవాబు వస్తుంది. పిల్లవాడి మనసు నొప్పించడం ఎందుకని అన్న మాట అది. (ఆ పవిత్ర పదాన్ని మర్యాదగా తప్పించుకోవడానికి వాడే మన అలవాటుపై మరెప్పుడైనా రాయవలసి ఉంది.) దానిని అమ్మకం కింద జమకట్టరాదు.

జరగబోయే దానిని కాక జరిగిన దానిని అడగాలి. గత రమజానులో ఎన్ని జతలు గడువుకు అందలేదు? పుస్తకంలో లెక్క తారుమారయిందా, కుట్టే కారిగర్లు దొరకలేదా? కొలతల పక్కన గుడ్డముక్క పిన్ను చేసుకునే పాత పద్ధతి వల్ల నిజంగా ఎంత నష్టం వచ్చింది? ఫోనులో దేనికైనా నెలనెలా డబ్బు కడుతున్నారా? కారిగర్ల కొరతే అసలు బాధ అయితే దానిని ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేదు. ఆ సంగతి రెండు వారాలలో తెలియడం, రెండేళ్ళ తరువాత తెలియడం కన్నా ఎంతో మేలు.

ఇళ్ళలో కుట్టే మహిళల వద్దకు అతని భార్యో చెల్లెలో వెళ్ళాలి. అక్కడ, దుకాణంలో వినిపించని ప్రశ్న వినిపించవచ్చు: మా దగ్గరకు వచ్చే ఆడవారి కొలతలు, ఫోన్ నంబర్లు ఎవరి కంటపడతాయి? అవి అమానత్. దీనికి తృప్తికరమైన సమాధానం లేనిదే మొదటి వాక్యం కూడా రాయకూడదు.

లెక్క కూడా వేసుకోవాలి. ఇంటి ఖర్చుకు నెలకు 60,000 కావాలంటే 200 దుకాణాలు కట్టాలి. సర్వర్ల ఖర్చు వేరు. నెలకు నూటికి అయిదుగురు మానుకుంటే, 200 నిలబెట్టుకోవడానికే ప్రతినెలా పదిమంది కొత్తవారు కావాలి. కొత్తవారు చేరకపోతే ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మంది ఉండరు. ఈ లెక్క వేయకముందే వడ్డీ అప్పుకు పోయేవారు రెండు విధాల నష్టపోతారు.

మానుకునే దారి మూసివేసి ఈ సంఖ్యను నిలబెట్టుకునే వ్యాపారులూ ఉన్నారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో నిషేధించిన 13 మోసపూరిత పద్ధతులలో ఈ చందా ఉచ్చు కూడా ఒకటి. కార్డు నుండి దానంతట అదే సొమ్ము తీసుకునే ముందు 24 గంటల గడువుతో తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. చట్టం మాట అటుంచితే, తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన హదీసు మనకు తెలియనిది కాదు. కనుక నమూనా పట్టుకుని దుకాణానికి వెళ్ళినప్పుడు, చేరే విధానంతో పాటు మానుకునే విధానాన్ని కూడా ఆ దర్జీ చేతనే చేయించి, ఎన్నిసార్లు నొక్కవలసి వచ్చిందో పక్కన కూర్చుని లెక్కపెట్టాలి.