దస్తరము కాచువారెవరు?

పరీక్షాఫలితములు వెలువడు దినములలో తలిదండ్రులు మా యొద్దకు వచ్చి యడుగు ప్రశ్న యొక్కటే: "అయ్యా, మా వానిని ఏ చదువునకు పంపవలయును?" ఆ ప్రశ్నతోబాటే ప్రత్యుత్తరము కూడ వారి మనస్సులందు సిద్ధమై యుండును: డాక్టరు, ఇంజనీరు, కానిచో కంప్యూటరు ఉద్యోగము. ఈ త్రోవలను మేము తప్పుపట్టము. అయినను మన పిల్లలలో నెవ్వరును నడువని బాట యొకటి గలదు. దానినిగూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము. అది గ్రంథాలయములందును పాతదస్తరముల భాండాగారములందును పనిచేయు వృత్తి. అందును విశేషముగా, మన నల్లమల చెంచులవంటి యడవిజనులకు సంబంధించిన వ్రాతలను వెదకి, కాపాడి, తిరిగి వారికే యందజేయు వృత్తి.

ఈ యాలోచన మాకు పుస్తకములవలన కలిగినది కాదు. ఒకప్పుడు మా విద్యార్థులను చరిత్రపాఠమునకై అహోబిలమునకు తోడ్కొనిపోతిమి. దిగువ అహోబిలమున శాసనములను చూపితిమి. ఎగువ అహోబిలమునకు పోవునపుడు, ఈ క్షేత్రమందలి దేవుడు చెంచుల యాడుబిడ్డను పెండ్లాడి వారికి అల్లుడయ్యెనని జనులు చెప్పుకొను కథను వినిపించితిమి. సంక్రాంతి పిమ్మట జరుగు పారువేట యుత్సవములో చెంచులకు నేటికిని స్థానము గలదనియు చెప్పితిమి. అప్పుడొక బాలుడు, "అయ్యా, గుడినిగూర్చి రాతిమీద వ్రాసినారు గదా, చెంచులు తమ్మునుగూర్చి తాము వ్రాసికొన్నది ఎక్కడ నున్నది?" అని యడిగెను. మాకు ఉత్తరము తోపలేదు. ఇన్ని యేండ్లు పాఠములు చెప్పిన మేము ఆ బాలుని యెదుట మౌనము వహించితిమి. ఈ వ్యాసము మేము ఆలస్యముగా నిచ్చు ప్రత్యుత్తరము.

మన సీమకు వ్రాతలు లేక కాదు. దత్తమండలములు 1800లో కుంపిణీవారి వశమైన తరువాత కర్నలు కాలిన్ మెకంజీ ఊరూర స్థలచరిత్రలను వ్రాయించెను. వానినే కైఫియత్తు లందురు. ఆ పనికి ప్రాణముగా నున్నవారు మన తెలుగువారే. కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్నవయస్సుననే మరణింపగా, అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. 1821లో మెకంజీ మరణించిన పిమ్మట, ఆ కృషిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య విన్నవించుకొనెను. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పెద్దలు దేశీయునికి అంతటి పని నప్పగించుటకు సమ్మతింపలేదు. సేకరించుటకు దేశీయుడు పనికివచ్చెను; దానికి పెద్దయై యుండుటకు మాత్రము పనికిరాకపోయెను. ఈ సంగతిని మన విద్యార్థులు మరువరాదు.

కడపలో కొలువుచేసిన బ్రౌను దొర సొంతసొమ్ముతో పండితులను నియమించి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. లండను నగరమందలి ఇండియా హౌసులో పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను గుర్తించి మద్రాసునకు రప్పించెను. ఆయన బంగళా యుండిన స్థలముననే నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. కడప జిల్లా కైఫియత్తులు అచటనుండి అచ్చుపడి వెలువడినవి. ఒకచోట ఒక మనుష్యుడు శ్రద్ధవహించినచో ఎంత మిగులునో చెప్పుటకు ఇది చాలును.

అయితే ఆ బాలుని ప్రశ్న యింకను తీరలేదు. కైఫియత్తులు ఎచటినుండి పుట్టెను? గ్రామకరణముల దండకవిలెలనుండియు, దేవాలయ శాసనములనుండియు, పెద్దల నోటిమాటలనుండియు పుట్టెను. చెంచుపెంటకు కరణము లేడు, కవిలె లేదు. కావున చెంచువాని మాట దస్తరములోని కెక్కవలెనన్నచో పరుల కలమే దిక్కు. ఆ కలము వ్రాసినదేమి? థర్‌స్టన్ దొర 1909లో అచ్చువేసిన కులముల సంపుటములలో చెంచుల దొక ప్రకరణము. దొరతనమువారి నేరజాతుల చట్టము క్రింద కర్నూలు సీమ చెంచులలో కొందరిని చేర్చిరి గనుక పోలీసు కాగితములలో వారిపై నొక ముద్ర. ఆ చట్టము 1952లో రద్దయ్యెను గాని ఆ కాగితములు మిగిలియున్నవి. ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లో కృష్ణకు ఆవలి యమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ మసలి, 1943లో వారినిగూర్చి పెద్దగ్రంథము వెలువరించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములును వ్రాతపుస్తకములును లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య ఆఫ్రికా విద్యల శాఖలో భద్రముగా నున్నవి. భద్రముగా నుండుట మంచిదే. అయితే ఆ చిత్రములలో నున్న వృద్ధుని మనుమడు తన తాత ముఖమును చూడవలెనన్నచో ఎచటికి పోవలయును?

కాగితములో నేమున్నదని కొందరందురు. చెంచువానికి కావలసినది అన్నముగాని అట్టల పుస్తకము కాదని మా సహోపాధ్యాయు డొకరు మాతో వాదించిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయినను మన బైబిలు చదువువారికి ఎస్తేరు కథ తెలియును. నిద్రపట్టని రాజు రాజ్యపు సమాచారగ్రంథమును చదివించుకొనుటచేత మొర్దెకై చేసిన మేలు బయలుపడెను. ఒక జనాంగమంతయు నాశనము తప్పించుకొనిన కథలో ఆ చదువు ఒక మలుపు. చెరనుండి తిరిగివచ్చిన యాజకులలో కొందరు వంశావళిపత్రములలో తమ పేరులు కానరానందున యాజకత్వమునుండి తొలగింపబడిరని ఎజ్రా గ్రంథమందు గలదు. పేరు దొరకుటయు దొరకకపోవుటయు నాడే అంతటి సంగతి.

నేడును అంతే. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ప్రకారము తరతరములుగా అడవిలో నున్నవారు తమ భూమికిని తమ వాడుకకును హక్కు కోరవచ్చును. ఆ కోరికకు సాక్ష్యము కావలయును. గెజెటీరులు, జనగణన పత్రములు, సర్వే పటములు, అటవీశాఖ ప్రణాళికలు మున్నగునవి సాక్ష్యములుగా చెల్లునని ఆ చట్టపు నిబంధనలు చెప్పుచున్నవి. అంతియ కాదు, హక్కుదారు గాక వేరొక వృద్ధుడు చెప్పిన మాటను వ్రాసికొనినచో అదియు సాక్ష్యమే. 1953 వరకు కర్నూలు కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివి గనుక పాతకాగితములు పెక్కులు చెన్నపట్టణమున ఎగ్మూరులోని భాండాగారమందున్నవి. పెంటలో నుండు ముసలివాడు ఎగ్మూరునకు పోయి ఇంగ్లీషు దస్తరమును తిప్పగలడా? తిప్పి చూపగల మనుష్యుడొకడు కావలయును. వృద్ధుని మాటను వక్రింపక వ్రాయగల మనుష్యుడొకడు కావలయును. ఆ మనుష్యుని పనినే మేమిచట వృత్తి యనుచున్నాము. అన్నము వేరు, కాగితము వేరు కాదు. కాగితము లేక చేను పోయినచో అన్నమును పోవును.

ఇక మనవారినిగూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. ఇతరుల లోపమును చూపి మన లోపమును దాచుట క్రైస్తవధర్మము కాదు. కెనడా దేశమున ప్రభుత్వమువారి ఆజ్ఞచొప్పున సంఘములు నడిపిన వసతిపాఠశాలలలో లక్షన్నరకు తక్కువకాని ఆదివాసి బాలబాలికలను తలిదండ్రులనుండి వేరుచేసి యుంచిరి. వారి భాషను మాన్పించిరి. అనేకులు ఇల్లు చేరక అచటనే మరణించిరి. 2015లో సత్యవిచారణసంఘము తన నివేదికను వెలువరించెను. అదే యేట ఆ కాగితములను కాపాడుటకై మానిటోబా విశ్వవిద్యాలయమున జాతీయకేంద్రమొకటి తెరవబడెను. తమ బిడ్డ యేమయ్యెనో తెలియని కుటుంబములకు సంఘముల పాతపుస్తకములలోని యొక్క పేరే ఆధారము. మన దేశపు మిషను పాఠశాలలు వేరు, వాని చరిత్ర వేరు. అయినను మన యలమారులలోని ప్రవేశపుస్తకములు, బాప్తిస్మపు పట్టికలు, పూర్వపు దొరలు స్వదేశమునకు వ్రాసిన నివేదికలు ఎవరివి? వానిలో పేరున్న కుటుంబములకు వానిని చూచు హక్కు గలదని మా నమ్మకము. చెదపురుగుల కప్పగించుటకంటె తలుపు తెరచుట మేలు.

తలుపు తెరచుట యనగా సర్వమును వీథిలో పరచుట కాదు. 2006లో అమెరికాలో ఆదివాసి దస్తరపాలకులును ఇతరులును కూడి యొక నియమావళిని వ్రాసికొనిరి. ఒక జనాంగమునకు సంబంధించిన వ్రాతలను ఉంచుటయందును చూపుటయందును ఆ జనాంగమువారితో ఆలోచింపవలెననుట దాని సారము. చెంచులక్క పాడిన పాటను చేతి ఫోనులో పట్టుకొని ఆమె నడుగకయే లోకమునకు వెదచల్లుట సేవ కాదు. ఏ వేరు ఏ రోగమునకో చెప్పిన వృద్ధుని మాట ఆయన యిచ్చిన హద్దు దాటరాదు. ఈ వృత్తికి జ్ఞానమెంత యవసరమో మర్యాద యంత యవసరము.

తలిదండ్రులు మమ్ము జీతమునుగూర్చి యడుగుదురు. దాచుట యెందుకు? ఉద్యోగములు విస్తారముగా లేవు. ఉన్నవియు తఱచు ఖాళీగానే పడియుండును. త్వరగా ధనికులు కాగోరువారికి ఇది త్రోవ కాదు. అయినను త్రోవ మూసియుండలేదు. డిగ్రీ పిమ్మట గ్రంథాలయశాస్త్రమును తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయమువంటి చోట్ల అభ్యసింపవచ్చును. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమువారు దస్తరముల నిర్వహణమునందు శిక్షణ యిత్తురు. పాఠశాలలును కళాశాలలును గ్రంథాలయోద్యోగులను కోరును. హైదరాబాదులో గిరిజన సంస్కృతి పరిశోధనసంస్థ గలదు. శ్రీశైలమున చెంచులక్ష్మి పేర గిరిజన ప్రదర్శనశాల గలదు. తెలుగు చక్కగా చదువగలిగి, ఇంగ్లీషు దస్తరములను అర్థముచేసికొని, పాతవ్రాతల మోడిని గుర్తింపగలవారు అరుదగుచున్నారు. అరుదైన విద్యకు విలువ తప్పక యుండును.

మాకొక కోరిక గలదు. చెంచుల పిల్లలు కొందరు నేడు ఉన్నతపాఠశాలలలో చదువుచున్నారు. వారిలో నొక్క బాలికయైనను ఈ వృత్తిని చేపట్టి, తన యవ్వ చెప్పిన కథను తన చేతితో వ్రాసి, తన జనులనుగూర్చి పరులు వ్రాసినదానిలో తప్పేదో ఒప్పేదో తేల్చి, ఆ దస్తరమునకు తానే పెద్దయై కూర్చుండవలయును. లక్ష్మయ్యకు నాడు మూసిన తలుపు ఆమెకు తెరువబడవలయును. అంతవరకు మనము చేయదగిన పని చిన్నదే. మన పాఠశాల గ్రంథాలయములో ఒక యలమారును ఖాళీచేసి, ఈ ప్రాంతమునుగూర్చి దొరకిన ప్రతి వ్రాతయు అందుంచుదము. సెలవులలో ప్రతి విద్యార్థియు తన యింటి పెద్దల మాటను, వారి యనుమతితో, తారీఖు వేసి, చెప్పినవారి పేరు వ్రాసి, ఒక పుస్తకమున నెక్కించి తేవలయును. మొదటి పుస్తకము తెచ్చిన వారికి బహుమాన మిత్తుమని చెప్పము. అలమారులో దానికొక స్థలమును, తెచ్చినవారి పేరున ఒక చీటిని మాత్రము ఇత్తుము.

అహోబిలపు కొండదారిలో మమ్మడిగిన బాలుడు ఇప్పుడు పైతరగతిలో నున్నాడు. అతని కలమారు తాళపుచెవిని ఇయ్య నిశ్చయించితిమి.